ముందు మన చెయ్యి

పొద్దున నాలుగున్నరకు లేవడం, చన్నీళ్లతో స్నానం, అద్దం ముందు నిలబడి ‘నేను గెలుస్తా’ అని పదకొండుసార్లు అనడం, ఎవరు ఏం అడిగినా ముందు ‘అయితది’ అనెయ్యడం. ఇవన్నీ కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో నేర్చుకున్నాను. నవ్వకండి. మొదటి ఆదివారం నాకూ నవ్వొచ్చింది. తర్వాత గిరాకీ పెరిగింది, నవ్వు ఆగింది. ఇప్పుడు దుకాణమే లేదు. ఎందుకు లేదో చెప్తాను.

నా పేరు శైలేందర్. ఎల్లారెడ్డి బస్టాండుకు కొంచెం అవతల మోటరు వైండింగ్ దుకాణం ఉండేది. పొలాల దగ్గర కాలిపోయిన మోటర్లు తెస్తారు. లోపలి రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టి, దాని మీద వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇవ్వాలి. ఆ పని కామారెడ్డిలో అబ్రాహాము దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్నాను. అందరిలాగే నేనూ ఆయన్ని ఉస్తాద్ అనేవాణ్ని.

ఉస్తాద్‌కు రెండు మొండి పట్టింపులు. వార్నిష్ పోసిన మోటరు రెండు రోజుల ఎండ చూడాలి. మబ్బు పట్టిందంటే మూడో రోజు, నాలుగో రోజు. రైతు వచ్చి బతిమాలినా అంతే, తిట్టినా అంతే. రెండోది ఇంకా విచిత్రం. మోటరు అప్పగించే ముందు నడిపించి, చెప్పులు విడిచి, నేల మీద చెంబెడు నీళ్లు గుమ్మరించి, ఆ తడిలో నిలబడి, నడుస్తున్న మోటరుకు చెయ్యి వెనకవైపు ఆనించేవాడు. లోపలి కరెంటు ఏ కాస్త బయటికి వస్తున్నా చర్మానికి చిమచిమ తెలుస్తుంది. అరచెయ్యి పెడితే వేళ్లు ముడుచుకుని మోటరును పట్టుకుంటాయి, వదలవు. అందుకే వెనకవైపు.

“బల్బు పెట్టి చూస్తున్నం గద ఉస్తాద్, మళ్ల చెయ్యెందుకు?” అని ఒకసారి అడిగాను.

“పెద్ద లీకుకే బల్బు వెలుగుతది. చిన్న లీకు బల్బుకు తెల్వది, మనిషికి తెలుస్తది. ముందు మన చెయ్యి, తర్వాతనే రైతు చెయ్యి” అన్నాడు. అని, నా చెయ్యి పట్టుకుని మోటరుకు ఆనించాడు. తొమ్మిదేళ్లలో నాలుగైదుసార్లు నా చెయ్యి ఎగిరిపడింది. అలా ఎగిరిపడిన ప్రతి మోటరూ మళ్లీ ఎండలోకే పోయింది.

సొంత దుకాణం పెట్టి ఆరేళ్లయినా నేను అట్లాగే చేశాను. వారానికి నాలుగు మోటర్లు. సైకిల్ పోయి బైకు వచ్చింది, అంతకు మించి ఏమీ కాలేదు. అప్పుడు ఎవరో చెప్తే కామారెడ్డిలో సిద్దార్థ సార్ క్లాసుకు వెళ్లాను. చిన్న వ్యాపారులను పెద్ద వ్యాపారులుగా తయారు చేస్తాడు. మనిషి మంచివాడే. తెల్ల చొక్కా, నవ్వు మొహం, ఎవరి పేరూ మరిచిపోడు. మూడో ఆదివారం మాకు రెండేసి కాగితాలు ఇచ్చాడు. మీ సమయాన్ని తినేస్తున్న పాత అలవాట్లు మొదటి దాని మీద రాయండి అన్నాడు. మిమ్మల్ని వెనక్కి లాగే మనుషుల పేర్లు రెండో దాని మీద.

మొదటి కాగితం మీద ఇట్లా రాశాను: ‘రెండు రోజులు ఎండబెట్టుడు. చెయ్యి పెట్టి చూసుడు.’

రెండో కాగితం మీద ఒకటే పేరు. అబ్రాహాము. క్లాసు సంగతి చెప్పినప్పుడు ఆయన అన్న మాట నాకు ముల్లులా దిగి ఉంది. “అయితదో కాదో మోటరు చెప్తది. ముందుగాలనే నువ్వెట్ల చెప్తవ్ రా?” అన్నాడు. ముప్పై ఏళ్లు చేతులు కాల్చుకుని ఒక అద్దె గదిలో బతుకుతున్న మనిషి నాకు నీతులు చెప్పేదేంటి అనుకున్నాను. హాల్లో అందరం లేచి నిలబడి మొదటి కాగితం చించాం, చప్పట్లు కొట్టాం. రెండో కాగితంలో ఉన్నవాళ్ల నంబర్లు అక్కడికక్కడే ఫోన్లోంచి తీసేశాం.

సార్‌ను తిట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. ఎవర్నీ చంపమని ఆయన చెప్పలేదు. నేను ఏ అలవాటు చించి పారేశానో ఆయన చూడలేదు, నేనూ చూపించలేదు.

ఎల్లారెడ్డికి వచ్చి బోర్డు రాయించాను. ‘పొద్దున ఇవ్వండి, సాయంత్రం తీసుకెళ్లండి.’ ఎర్ర అక్షరాలు, రోడ్డు చివరికి కనిపిస్తాయి. ఎండకు బదులు ఒక రేకు డబ్బా చేయించి లోపల పెద్ద బల్బులు బిగించాను. మోటరు దాంట్లో రెండు గంటలు ఉంటే చాలనుకున్నాను. లింగంపేట నుంచి, నాగిరెడ్డిపేట నుంచి, అటు పెద్దకొడప్‌గల్ నుంచి కూడా ఆటోలు రావడం మొదలైంది. ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాను. నా భార్య సాయిలత మాత్రం ఒకసారి, “నీ చేతికి వార్నిష్ అంటుతనే ఉన్నది, గిది ఆరినట్టేనా?” అంది. నీకేం తెలుసని కసిరాను. ఏడాదిలో ఒక్క మోటరూ తిరిగి రాలేదు. దాంతో నా పొగరు ఆకాశానికెక్కింది.

జులై చివర్లో ఒకరోజు పొద్దున ఆరు గంటలకు ధన్‌సింగ్ వచ్చాడు. వాగుగడ్డ తండా ఆయనది. ముప్పై ఐదేళ్లుంటాయి, మాటకు ముందు నవ్వే మనిషి. ఐదు హార్స్‌పవర్ మోటరు ఆటోలోంచి దించుతూనే అడిగాడు.

“అన్నా, రేపు మాకు నాటు ఉన్నది. ఇరవై మంది ఆడోళ్లను చెప్పుకున్న. రేపు తప్పితే మళ్ల పది దినాలకు గాని దొరకరు, నారు ముదిరిపోతది. సాయంత్రానికి అయితదా?”

“అయితది” అన్నాను. ఆకాశం వైపు చూడకుండానే అన్నాను.

నాలుగు రోజులుగా సూర్యుడు లేడు. చినుకు పడదు, మబ్బు విడవదు, గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. మధ్యాహ్నానికి తీగ చుట్టడం అయింది. వార్నిష్ పోసి డబ్బాలో పెట్టాను. సాయంత్రం ఐదింటికి తీసి గోరుతో గీస్తే మెత్తగా తగిలింది. ఆ మెత్తదనం నాకు ఇప్పటికీ గోటి కింద ఉంది. బల్బు పెట్టి చూశాను, వెలగలేదు. బాగుంది అనుకున్నాను. చెప్పులు విడవలేదు, నీళ్లు పోయలేదు, చెయ్యి పెట్టలేదు. రెండు నిమిషాల పని. అప్పటికే ధన్‌సింగ్ ఆటో తెచ్చి నిలబెట్టాడు.

“మాట మీద నిలబడ్డవ్ అన్నా” అన్నాడు. అదే ఆయన నాతో అన్న చివరి మాట.

వాళ్ల మోటరు వాగు పక్కన కింద ఉంటుంది. స్టార్టర్ డబ్బా పైన ఒడ్డు మీద స్తంభానికి. ఆ రకం మోటరు నడవాలంటే ముందు దాని నోట్లో నీళ్లు పోయాలి. ఒకరు కింద నీళ్లు పోసి, నీళ్లు అందుకుందో లేదో తెలియడానికి మోటరు మీద చెయ్యి వేసి ‘వెయ్’ అని కేక వేస్తారు. పైన ఉన్నవాళ్లు పచ్చ బటన్ ఒత్తుతారు. ప్రతి రోజూ కింద ధన్‌సింగ్, పైన ఆయన భార్య మంగ్లి. ఆ పొద్దున కూడా అంతే. ఆయన బట్టలు తడిసి ఉన్నాయి, కాళ్లు బురదలో ఉన్నాయి, అరచెయ్యి మోటరు మీద ఉంది. మంగ్లి బటన్ ఒత్తింది. నాటుకు వచ్చిన ఇరవై మంది ఆడవాళ్లు ఒడ్డు మీదే ఉన్నారు, కానీ మాటల సందడిలో ఆయన కేక వేశాడో లేదో ఎవరూ గమనించలేదు.

వారం తర్వాత తండాకు వెళ్లాను. మోటరు సంగతి ఎవరూ మాట్లాడలేదు. కొత్తగా చుట్టిన మోటరు కదా, దాని మీద ఎవరికి అనుమానం వస్తుంది? ధన్‌సింగ్ ఇంకా వైరు బిగిస్తూనే ఉన్నాడని, ఆయన కేక వేయకముందే మంగ్లి బటన్ ఒత్తిందని అందరూ ఖాయం చేసేశారు. ధన్‌సింగ్ తల్లి గడపలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకూ కోడల్ని వేలితో చూపిస్తోంది.

“ఇగో, ఇదే ఒత్తింది. దీని చెయ్యే నా కొడుకును తిన్నది.”

మంగ్లి నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, ఎవరికీ వినిపించకుండా, “అన్నా, ఆయన ‘వెయ్’ అన్నడు. నేను విన్న. నాకు మంచిగ ఇనిపించింది. ఇనిపించిందా? గిప్పుడు నాకే తెలుస్తలేదన్నా” అంది.

నేను చాయ్ తాగాను. చప్పుడు కాకుండా, చివరి గుటక దాకా తాగాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ నిమిషంలో నా కళ్ల ముందు ఉన్నది ధన్‌సింగ్ కాదు, నా దుకాణం బోర్డు. నోరు విప్పితే అది దిగిపోతుందని భయపడ్డాను. లేచి, ధైర్యంగా ఉండు చెల్లె అని చెప్పి వచ్చేశాను. ధైర్యం గురించి చెప్పడానికి నేనే దొరికాను.

నెల తిరిగాక నిద్ర పట్టక, తిండి సయించక కామారెడ్డి వెళ్లి ఉస్తాద్ ముందు కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. ఆయన తీగ చుట్టడం ఆపలేదు.

“చెయ్యి పెట్టినవా?”

“లేదు ఉస్తాద్.”

“మరి నా తాన కూసుండి ఏడుస్తవేంది? పొయ్యి ఆ పిల్లకు చెప్పు.”

“చెప్తే దుకాణం పోతది.”

“పోతే పోతది. నా తాన మళ్ల కూలికి చుడుతవ్. ఆ పిల్ల ఏడికి పోతది?”

నేను వెళ్లలేదు. ఆ రోజు నుంచి ఏ మోటరూ చెయ్యి పెట్టి చూడకుండా బయటికి పంపలేదు, రైతులకు ఏదో ఒక సాకు చెప్పి మూడు రోజులు ఎండబెట్టాను. అదే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాను. బోర్డు మాత్రం దించలేదు. తండా వైపు పోయే దారి చూస్తేనే బండి తిప్పేసేవాణ్ని.

డిసెంబరులో సిద్దార్థ సార్ ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం కామారెడ్డిలో పెద్ద సభ, మూడు వందల మంది కొత్త వ్యాపారులు వస్తున్నారు, మీరు స్టేజీ మీద పది నిమిషాలు మాట్లాడాలి అన్నాడు. “ఎల్లారెడ్డిలో ఒక్కరోజు సర్వీసు మొదలుపెట్టింది మీరే కదా, మీ అలవాట్లు వాళ్లకు చెప్పండి” అన్నాడు. నోరు అలవాటు ప్రకారం ‘అయితది సార్’ అనేసింది.

ఆ మర్నాడే మంగ్లి దుకాణానికి వచ్చింది. చేత్తో ఎత్తలేని బరువు కదా, ఆటో వెనక ఆ మోటరే ఉంది.

“తండాల ఎవ్వరు దీన్ని ముట్టరన్నా. పాత ఇనుముకు అమ్మమంటున్నరు. కొత్తది కొనే తాకత్ నాకు లేదు. యాసంగి పంటకు నారు పోసిన, నీళ్లు లేకుంటే అది గూడ పోతది” అంది. చిక్కిపోయింది. మాట మధ్యలో కుడిచేతిని కొంగులో దాచుకునే అలవాటు కొత్తగా వచ్చింది. “ఆయన నిన్నే నమ్మిండు. నువ్వే చెయ్యి.”

మోటరు విప్పాను. తీగ కూర్చునే ఇనుప గాడిలో ఒకచోట నల్లటి మచ్చ, కందిగింజంత. అక్కడ తడి వార్నిష్ తెగి, తీగలోని కరెంటు మోటరు ఒంటికి ఎక్కింది. దాని పక్కన నా గోరు గీత కూడా అట్లాగే ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పనివాళ్లను పంపేసి, తీగ మొత్తం నేనే పీకి, నేనే చుట్టాను. మూడు రోజులు మంచి ఎండ కాసింది.

ఆదివారం ఎనిమిదింటికి మంగ్లి వచ్చింది. పదకొండింటికి కామారెడ్డిలో నా ఉపన్యాసం. సాయిలత ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీకి వేలాడుతోంది. మోటరు నడిపించాను. చెప్పులు విడిచి, నేల మీద నీళ్లు పోసి, ఆ తడిలో నిలబడి చెయ్యి వెనకవైపు ఆనించాను. మోటరు అదురు తప్ప ఇంకేమీ లేదు. మళ్లీ ఆనించాను, మూడోసారి కూడా.

మంగ్లి నా కాళ్ల కింది నీళ్లను చూసింది, చేతిని చూసింది.

“గిట్లెందుకు చేస్తరన్నా?”

“కరెంటు బయటికొస్తుందో లేదో తెలుస్తది. ముందు మా చేతికి తెల్వాలె.”

ఆమె చూపు నా చేతి మీంచి మోటరు మీదికి పోయింది. తర్వాత మెల్లగా అడిగింది. “ఆ దినం గూడ గిట్ల చూసినవా?”

ఫోన్ మోగింది. సిద్దార్థ సార్. బయల్దేరారా అని అడగడానికి. దాన్ని మోగనిచ్చాను. చూశాను అని ఒక్క మాట అంటే చాలు, ఆమె నమ్ముతుంది. నన్ను నమ్మడం ఆ ఇంటికి అలవాటు.

“చూడలే చెల్లె” అన్నాను. “వార్నిష్ ఆరలే. నాకు తెలుసు. ఆరలేదని తెలిసే ఇచ్చిన. చెయ్యి పెట్టి చూస్తే ఆ సాయంత్రమే తెలుస్తుండె. ఆయన కేకేసినా, ఎయ్యకున్నా గట్లనే అయితుండె. నీ చెయ్యి కాదు. నాది.”

ఫోన్ ఆగిపోయింది. మంగ్లి నేల మీద కూర్చుంది, ఆ నీళ్లలోనే. నన్ను తిడుతుందని చూశాను. తిడితే బాగుండు. ఆమె కుడిచేతిని కొంగులోంచి తీసి మోకాలి మీద పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది.

“నాలుగు నెల్లాయె” అంది. “ఈ చేత్తోని నా పిల్లకు జడ వెయ్యలే. మా యాడి వెయ్యనియ్యలే, నాకూ వెయ్యబుద్ధి కాలే.” యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ, అత్తను కూడా అట్లాగే పిలుస్తుంది. “నువ్వు మా ఇంట్ల చాయ్ తాగి పోయినవన్నా. అప్పుడు ఎందుకు చెప్పలే?”

“దుకాణం పోతదని.”

తల ఊపింది, అర్థమైనట్టే. అదే నన్ను కోసేసింది. లేచి చీర పిండుకుని, “మా యాడికి వచ్చి చెప్పు. అందరి ముంగట చెప్పు. నేను చెప్తే నమ్మది” అంది.

చొక్కా కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది. దుకాణానికి అదే ఆఖరి రోజు. మోటరుతో పాటు ఆటో వెనక కూర్చుని తండాకు వెళ్లాను.

ఇంటి ముందు పది పదిహేను మంది పోగయ్యారు. ధన్‌సింగ్ తల్లి గడపలోనే ఉంది. మంగ్లికి చెప్పినట్టే చెప్పాను, ఒక్క ముక్క దాచుకోలేదు. చెప్తుండగానే ధన్‌సింగ్ తమ్ముడు దేవీసింగ్ వచ్చి నా చొక్కా పట్టుకుని గోడకు కొట్టాడు. రెండోసారి కూడా కొట్టాడు. ముసలామె వాళ్ల భాషలో ఏదో గట్టిగా అంది. అతను వదిలేశాడు, నా ముందు ఉమ్మి పక్కకు జరిగాడు.

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. “మోటరు తెచ్చినవా?” అని అడిగింది.

“తెచ్చిన అవ్వా.”

“పెట్టు. నారు ఎండుతున్నది.”

వాగు పక్కన పాత చోటే బిగించాను. నేనే బిగించాను, ఎవరూ చెయ్యి వేయలేదు. మబ్బు లేదు, వాగులో నీళ్లు తక్కువగా ఉన్నాయి. తండా జనమంతా ఒడ్డు మీద నిలబడ్డారు. స్టార్టర్ దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు. దేవీసింగ్‌ను చూశాను, మొహం తిప్పుకున్నాడు. చివరికి మంగ్లి వెళ్లి స్తంభం పక్కన నిలబడింది. చెయ్యి ఎత్తింది, మళ్లీ దించుకుంది.

నేను చెప్పులు విడిచి బురదలోకి దిగాను. మోటరు నోట్లో బిందెతో నీళ్లు పోశాను, చేతులు, బట్టలు తడిశాయి. దుకాణంలో మూడుసార్లు చూసిన మోటరే, కానీ ధన్‌సింగ్ నిలబడిన చోటు అదే. చెయ్యి తిప్పి, వెనకవైపు మోటరు మీద ఆనించి పెట్టాను.

“వెయ్ చెల్లె!” అని కేక వేశాను.

మంగ్లి కదల్లేదు.

“ఇనిపిచ్చిందా? నేను అన్న. వెయ్ అన్న. అందరు ఇన్నరు. ఒత్తు!”

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆమె కళ్లు మూసుకుని ఒత్తింది. మోటరు ఒక్కసారి అదిరి అందుకుంది. చేతికి అదురు తప్ప ఏమీ తెలియలేదు. కాసేపటికి పైన గొట్టంలోంచి నీళ్లు కాలువలో పడ్డ చప్పుడు వినిపించింది. ఎవరూ సంతోషపడలేదు.

ముసలామె ఒడ్డు దిగి, కర్ర ఆనించుకుంటూ నా దగ్గరి దాకా వచ్చింది. మోటరు మీద ఉన్న నా చేతినే చూస్తోంది.

“ఆ దినం గిట్ల నువ్వు ముందు చెయ్యి పెట్టి చూస్తే, నా కొడుకు బతికేటోడా?”

“బతికేటోడు అవ్వా.”

ఆమె వెనక్కి తిరిగింది. మెల్లగా ఒడ్డెక్కి, స్తంభం దగ్గరికి పోయి మంగ్లి పక్కన నిలబడింది. అక్కడి నుంచి ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మోటరు నడుస్తూనే ఉంది, నేను చెయ్యి తీయలేదు.